ఆటల యంత్రము: వెల, శక్తి - ఒక విమర్శ

ఒక వస్తువు చవక యనియు, మరియొకటి ప్రియమనియు చెప్పుటకు ముందు రెండిటిని ఒకే తూనికరాళ్ళతో తూచితిమా యని చూచుకొనవలెను. ఈ నియమము బజారులో కూరగాయలు కొనువారికి కూడ తెలిసినదే. కాని వీడియో ఆటల యంత్రముల విషయమున చదువుకొన్నవారు సైతము దీనిని మరచుచున్నారు. కన్సోలు చవక, అదే పని చేయు కంప్యూటరు దానికంటె ఎంతో ఖరీదు అని ఒక పక్షమువారు వాదింతురు. కన్సోలులోనిది పాత సరకు, కంప్యూటరు శక్తి ముందు అది నిలువదు అని మరియొక పక్షమువారు వాదింతురు. ఇరుపక్షములవారును అంకెలు చూపుదురు. ఆ అంకెలు చాలవరకు సరియైనవే. తీర్పులు మాత్రము సరియైనవి కావు. ఏలన, ఒకవైపు చూపిన అంకె కొలుచునది వేరు, రెండవవైపు చూపిన అంకె కొలుచునది వేరు.

ఇది పిల్లల ఆటలకు సంబంధించిన చిన్న విషయమని కొందరు అనుకొనవచ్చును. 2021 ఫిబ్రవరి 2వ తేదీన మన దేశములో ప్లేస్టేషన్ 5 విడుదలయైనప్పుడు దాని వెల 49,990 రూపాయలు. డిస్కులు వేయు సదుపాయము లేని రకము వెల 39,990 రూపాయలు. మధ్యతరగతి కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. ఆ సొమ్ముతో కొనునది ఆ ఇంటి పిల్లవానికి దొరకు ఒకే ఒక గణనయంత్రము కావచ్చును. దేనిని కొనవలెనని విద్యార్థి అడిగినప్పుడు ఉపాధ్యాయుడు చెప్పు మాటకు విలువ కలదు. ఆ మాట చెప్పుటకు ముందు కొలత యనగా నేమి, సరాసరి యనగా నేమి, గరిష్ఠశక్తికిని జరిగిన పనికిని భేదమేమి అను పాఠములను మనము ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను.

రెండు యంత్రములు

లోపల చూచినచో కన్సోలును కంప్యూటరే. లెక్కలు చేయు ప్రాసెసరు, బొమ్మను గీయు గ్రాఫిక్స్ భాగము, పని జరుగుచున్నంతసేపు సమాచారమును నిలుపుకొను మెమరీ, ఆటలను దాచియుంచు డిస్కు - ఇవి రెండిటిలోను కలవు. 2013 నవంబరులో వెలువడిన ప్లేస్టేషన్ 4 లోను, ఎక్స్‌బాక్స్ వన్ లోను ఉన్న ప్రాసెసర్లు ఏఎమ్‌డి కంపెనీ రూపొందించినవి. మామూలు కంప్యూటర్లలో వాడు ప్రాసెసర్ల జాతికి చెందినవే.

భేదము మూడు చోట్ల ఉన్నది. మొదటిది: కన్సోలు ఒకే నమూనాలో లక్షలకొలది తయారగును, కంప్యూటరు భాగములను ఎవరికి తోచినట్లు వారు కూర్చుకొనవచ్చును. రెండవది: నేటి కన్సోళ్ళలో ప్రాసెసరుకును గ్రాఫిక్స్ భాగమునకును మెమరీ ఉమ్మడి, ప్లేస్టేషన్ 5 లో అది 16 గిగాబైట్లు. ఆటలకై కూర్చిన కంప్యూటరులో సాధారణముగా రెండిటికి వేరువేరు మెమరీలుండును. మూడవది: కన్సోలులో ఏ కార్యక్రమము నడువవలెనో నిర్ణయించునది కంపెనీ, కంప్యూటరులో నిర్ణయించువాడు దాని యజమాని. ఈ మూడవ భేదమును ధరల పట్టికలలో వ్రాయరు. కాని వెలల లెక్క అంతయు దీనిమీదనే ఆధారపడియున్నదని ముందు తెలియగలదు.

వెల యను అంకె

2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. 60 గిగాబైట్ల రకము వెల 599 డాలర్లు. అదే నెలలో ఐసప్లై అను పరిశోధనసంస్థ ఆ యంత్రమును విప్పి, భాగముల వెలలను, కూర్పు ఖర్చును లెక్కకట్టి, దానిని తయారుచేయుటకు సుమారు 840 డాలర్లగునని అంచనా వేసెను. అనగా అమ్మిన ప్రతి యంత్రముమీదను 240 డాలర్లకు పైగా నష్టము. వ్యాపారి నష్టమునకు అమ్ముట దానబుద్ధిచేత కాదు. ఆ సొమ్ము మరియొక దారిని తిరిగి రావలెను.

ఆ దారి ఆటల అమ్మకము. కన్సోలులో కంపెనీ అనుమతి లేనిదే ఏ ఆటయు నడువదు. కన్సోలులోని దుకాణములో అమ్ముడైన ఆటల సొమ్ములో సుమారు 30 శాతము కంపెనీ వాటాగా పోవుట వాడుక. 2021 మే నెలలో అమెరికాలో ఎపిక్, ఆపిల్ కంపెనీల మధ్య నడచిన వ్యాజ్యములో మైక్రోసాఫ్ట్ ఉన్నతోద్యోగిని యొకరు సాక్ష్యమిచ్చుచు, ఎక్స్‌బాక్స్ యంత్రముల అమ్మకముమీద తమ కంపెనీ ఎన్నడును లాభము గడించలేదని చెప్పెను. లాభము వచ్చునది ఆటలమీదను, చందాలమీదను. అసలుకంటె వడ్డీ ముద్దు అను సామెత ఈ వ్యాపారమునకు చక్కగా అతుకును. అన్ని కన్సోళ్ళును అన్ని కాలములలోను నష్టమునకే అమ్ముడగునని దీని అర్థము కాదు. డిస్కుతో కూడిన ప్లేస్టేషన్ 5 ను ఇక నష్టమునకు అమ్ముటలేదని సోనీ కంపెనీ 2021 ఆగస్టులోనే చెప్పెను. కాని నష్టము లేకుండుట వేరు, యంత్రముమీదనే లాభమునంతటిని ఆశించుట వేరు.

కాబట్టి కన్సోలు వెల యంత్రము పూర్తి వెల కాదు. ఒక ఒప్పందములోని మొదటి వాయిదా. కంప్యూటరు భాగములు అమ్మువాడు తరువాత మనము ఏ ఆట కొందుమో ఎరుగడు. వానికి రావలసిన లాభము ఆ వెలలోనే చేరియుండును. ఒకవైపు మొదటి వాయిదాను, రెండవవైపు పూర్తి వెలను నిలిపి ఇది చవక, అది ప్రియము అనుట లెక్క కాదు.

రెండవ వాయిదా చందా. ప్లేస్టేషన్ 4 లో ఇంటర్నెట్టు ద్వారా ఇతరులతో కలిసి ఆడుటకు, ఉచితముగా దొరకు కొన్ని ఆటలకు తప్ప, ప్లేస్టేషన్ ప్లస్ అను చందా కట్టవలెను. అమెరికాలో ఆ చందా ఏడాదికి 49.99 డాలర్లుండి, 2016 సెప్టెంబరులో 59.99 డాలర్లాయెను. 2013 నవంబరులో యంత్రమును కొని, ప్రతి నవంబరులోను ఏడాది చందా కట్టుచు, 2020 నవంబరులో తరువాతి యంత్రము వచ్చువరకు ఆడిన ఒకనిని ఊహింతము. పాత రేటున మూడు చందాలు 149.97 డాలర్లు. కొత్త రేటున నాలుగు చందాలు 239.96 డాలర్లు. మొత్తము 389.93 డాలర్లు. యంత్రమునకు అతడు మొదట ఇచ్చినది 399 డాలర్లు. అనగా ఏడేండ్లలో అతడు దాదాపు మరియొక యంత్రమును కొనినంత సొమ్ము చెల్లించెను. చందాదారులకు నెలనెల కొన్ని ఆటలు కూడ ఇచ్చెడివారన్నది నిజమే. కాని చందా ఆగిన నాడు ఆ ఆటలును ఆగిపోవును. కంప్యూటరులో ఇంటర్నెట్టు ఖర్చు తప్ప ఇతరులతో ఆడుటకు సాధారణముగా ఇట్టి చందా లేదు.

ఇంతమాత్రముచేత కంప్యూటరే చవక యని తీర్పు చెప్పరాదు. 2020 సెప్టెంబరులో ఎన్‌విడియా కంపెనీ ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 3080 అను గ్రాఫిక్స్ కార్డు వెల 699 డాలర్లు. అదే ఏడాది నవంబరులో అమెరికాలో ప్లేస్టేషన్ 5 పూర్తి యంత్రము 499 డాలర్లు. కార్డు ఒక్కటే ఆట ఆడించలేదు. దానికి ప్రాసెసరు, మదర్‌బోర్డు, మెమరీ, డిస్కు, పవర్ సప్లై, పెట్టె, కీబోర్డు, మౌసు కావలెను. పైగా 2021 లో చిప్పుల కొరతవలనను, క్రిప్టో నాణెముల గణనకై కార్డులను పోటీపడి కొన్నవారివలనను ఆ 699 డాలర్ల వెల చాలమందికి కాగితముమీదనే మిగిలెను.

విద్యుత్తు ఖర్చు కూడ లెక్కలోనిదే. బరువైన ఆటలు ఆడునప్పుడు ప్లేస్టేషన్ 5 యంత్రము మొత్తము తీసుకొనునది సుమారు 200 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3080 కార్డు ఒక్కదానికే కంపెనీ చెప్పిన అంకె 320 వాట్లు. ఆ కార్డుగల కంప్యూటరు మొత్తము 450 వాట్లు తీసుకొనుననియు, దినమునకు 2 గంటలు ఆడుదురనియు అనుకొందము. ఏడాదికి కన్సోలునకు 146 యూనిట్లు, కంప్యూటరునకు 328.5 యూనిట్లు అగును. యూనిటు 8 రూపాయలని తీసుకొన్నచో భేదము ఏడాదికి 1,460 రూపాయలు. ఆ కార్డు కన్సోలుకంటె బలమైనదే. కాని దాని బలమును చూపి మెచ్చువారు దాని కరెంటు బిల్లును కూడ చూపవలెను.

శక్తి యను అంకె

ప్రకటనలలో శక్తికి గుర్తుగా చూపు అంకె టెరాఫ్లాపు. సెకనుకు ఒక లక్ష కోట్ల దశాంశ గణనలు చేయగల శక్తికి ఒక టెరాఫ్లాపు అని పేరు. దీనిని విద్యార్థులే లెక్కకట్టవచ్చును. గ్రాఫిక్స్ భాగములో వేలకొలది చిన్న గణన విభాగములుండును. యంత్రములోని గడియారపు ప్రతి స్పందనమునకు ఒక్కొక్క విభాగము రెండు గణనలు, అనగా ఒక గుణకారము, ఒక సంకలనము చేయగలదు. కాబట్టి విభాగముల సంఖ్యను రెండుచేతను, సెకనుకు వచ్చు స్పందనముల సంఖ్యచేతను గుణించిన చాలును. ప్లేస్టేషన్ 4 లో 1,152 విభాగములు, సెకనుకు 80 కోట్ల స్పందనములు. లబ్ధము 1.84 టెరాఫ్లాపులు. ప్లేస్టేషన్ 5 లో 2,304 విభాగములు, గరిష్ఠముగా 223 కోట్ల స్పందనములు. లబ్ధము 10.28 టెరాఫ్లాపులు.

ఈ లెక్కలో ప్రతి విభాగమును ప్రతి స్పందనమునందును పనిలో ఉండుననుకొన్నాము. నిజముగా అట్లు జరుగదు. వరికోతకు నూరుమంది కూలీలు వచ్చినను కొడవళ్ళు అరువదియే ఉన్నచో జరుగు కోత అరువదిమందిదే. ఇక్కడ కొడవళ్ళవంటిది మెమరీనుండి సమాచారము వచ్చు వేగము. అది చాలనప్పుడు విభాగములు ఊరక వేచియుండును.

దీనికి మంచి ఉదాహరణము ఒకే కంపెనీ కార్డులలోనే ఉన్నది. 2018 లో ఎన్‌విడియా విడుదలచేసిన ఆర్‌టీఎక్స్ 2080 టిఐ కార్డు శక్తి సుమారు 13.4 టెరాఫ్లాపులు. 2020 నాటి ఆర్‌టీఎక్స్ 3080 శక్తి సుమారు 29.8 టెరాఫ్లాపులు. అంకెలనుబట్టి రెండవది మొదటిదానికి రెండింతలకు మించినది. కాని 4కె తెరమీద ఆటలు ఆడించి కొలిచినప్పుడు వేగములో కనబడిన ఆధిక్యము సుమారు 30 శాతమే. కారణమేమి? కొత్త కార్డులోని విభాగములలో సగము దశాంశ గణనకైనను, పూర్ణాంక గణనకైనను ఒకసారి ఒకదానికి మాత్రమే పనికివచ్చును. ఆటలలో పూర్ణాంకముల పనియు చాల ఉండును. ఆ పనిలో ఉన్నంతసేపు అవి దశాంశ గణనకు అందవు. పైగా మెమరీ వేగము సెకనుకు 616 గిగాబైట్లనుండి 760 గిగాబైట్లకే పెరిగెను. కూలీలు రెండింతలైరి, కొడవళ్ళు కాలేదు. ఒకే ఇంటి అన్నదమ్ములవంటి రెండు కార్డుల మధ్యనే ఈ అంకె ఇట్లు దారి తప్పించుచుండగా, కన్సోలును కంప్యూటరును పోల్చుటకు దానిని కొలబద్దగా వాడుట తగదు.

మరి దేనిని కొలువవలెను? తెరమీదికి వచ్చు బొమ్మను. 4కె తెరలో 3,840 × 2,160, అనగా 82,94,400 బిందువులు కలవు. సెకనుకు 60 బొమ్మలు గీయవలెనన్నచో యంత్రము దాదాపు 50 కోట్ల బిందువులకు రంగు నిర్ణయింపవలెను. ఒక్కొక్క బొమ్మకు లభించు కాలము 16.7 మిల్లీసెకనులు. సెకనుకు 30 బొమ్మలు చాలుననుకొన్నచో 33.3 మిల్లీసెకనులు లభించును. అనగా రెండవ సందర్భమున యంత్రమునకు పని సగమే. ఎన్ని బిందువులు, ఎన్ని బొమ్మలు అని చెప్పకుండ ఈ యంత్రము ఆ ఆటను నడుపును అనుట, ఎంత దూరమో చెప్పకుండ ఈ ఎద్దు బండిని లాగును అనుటవంటిది.

పెట్టెమీద 4కె అని వ్రాసినంతమాత్రమున ఆట అన్ని బిందువులను గీయుచున్నదని అనుకొనరాదు. 2016 లో వచ్చిన ప్లేస్టేషన్ 4 ప్రో యంత్రము పెక్కు ఆటలలో చదరంగపు గళ్ళవలె సగము బిందువులనే కొత్తగా గీచి, మిగిలినవానిని వెనుకటి బొమ్మ సాయముతో పూరించెడిది. ఎన్‌విడియా కార్డులలోని డిఎల్‌ఎస్‌ఎస్ అను విధానమును తక్కువ బిందువులతో గీచిన బొమ్మను హెచ్చించునదే. ఇవి మంచి ఉపాయములు. వీనిని తప్పుపట్ట పనిలేదు. కాని ఒక యంత్రము ఉపాయముతో గీచిన బొమ్మను మరియొక యంత్రము పూర్తిగా గీచిన బొమ్మతో సమానముగా పట్టికలోనికెక్కించుట తప్పు.

సరాసరి విషయములోను ఇట్టి పొరపాటే కలదు. సెకనుకు సరాసరి 60 బొమ్మలు వచ్చెనన్నచో అవి సమానమైన ఎడములతో వచ్చెనని కాదు. 59 బొమ్మలు ఒక్కొక్కటి 15 మిల్లీసెకనులలో వచ్చి, మిగిలిన ఒక్కటి 115 మిల్లీసెకనులు తీసుకొన్నను మొత్తము 1,000 మిల్లీసెకనులే. సరాసరి 60 గానే యుండును. కంటికి మాత్రము ఆ ఒక్క కుదుపు తెలిసిపోవును. కనుక సరాసరితోపాటు విచలనమును కూడ చూడవలెను. బ్రిటనులోని డిజిటల్ ఫౌండ్రీ అను సంస్థ ఆటల యంత్రములను పరీక్షించునప్పుడు బొమ్మబొమ్మకు పట్టిన కాలమును గీతపటముగా చూపును. టెరాఫ్లాపుల పట్టికకంటె ఇట్టి పటము నమ్మదగినది.

ఈ నిలకడ విషయములో కన్సోలునకు ఒక సహజమైన మేలున్నది. బొమ్మలోని వెలుగునీడలను లెక్కకట్టు చిన్న కార్యక్రమములను షేడర్లందురు. వీనిని ఆయా గ్రాఫిక్స్ భాగమునకు తెలియు భాషలోనికి మార్చవలెను. కన్సోలు నమూనా ఒక్కటే గనుక ఆ మార్పిడిని ఆటను తయారుచేయుచోటనే ముగించి పంపవచ్చును. కంప్యూటరు కార్డులు అనేక రకములు గనుక ఆ పని కొన్నవాని ఇంటిలో జరుగవలసియుండును. ఆట నడుమ జరిగినచో బొమ్మ కుదుపునకు లోనగును. ది లాస్ట్ ఆఫ్ అస్ అను ఆట 2013 లో మొత్తము 512 మెగాబైట్ల మెమరీ మాత్రమే గల ప్లేస్టేషన్ 3 మీద నడచెను. దాని పునర్నిర్మితరూపము 2023 మార్చిలో కంప్యూటర్లకు వచ్చెను. బొమ్మలు పూర్వముకంటె ఎంతో మెరుగైనవే. కాని ఎన్నో రెట్లు మెమరీ గల యంత్రములమీద కూడ కుదుపులు కలిగెను. షేడర్ల మార్పిడికై ఆట మొదలగుటకు ముందే చాలసేపు వేచియుండవలసివచ్చెను. తయారుచేసినవారు వరుసగా సవరణలు పంపిరి. కంప్యూటరు పక్షమువారు ఈ విషయమును దాచరాదు.

సరియైన తూకము

ఇప్పుడు రెండు యంత్రములను న్యాయముగా పోల్చు విధమును చూతము. ఆట ఒకటే కావలెను. బిందువుల సంఖ్య, సెకనుకు బొమ్మల సంఖ్య సమానముగా ఉండవలెను. ఆ పనికి చాలినంత కంప్యూటరును మాత్రమే ఎంచుకొనవలెను, అంతకుమించినది కాదు. తెర కొనవలసినచో దాని వెలను కూడ చేర్చవలెను. చివరకు, కొన్ననాటి ఖర్చు కాక అన్ని ఏండ్ల ఖర్చును కూడవలెను.

కంప్యూటరు వెలనుండి కన్సోలు వెలను తీసివేసినచో మొదటినాటి భేదము తెలియును. ఏటి చందాకు, ఏటేట కొను ఆటలమీద కంప్యూటరులో మిగులు సొమ్మును కలిపి, దానినుండి అధికమైన విద్యుత్తు ఖర్చును తీసివేసినచో ఏటి ఆదా తెలియును. భేదమును ఆదాచే భాగించిన లబ్ధము, ఎన్ని ఏండ్లకు రెండు ఖర్చులును సమానమగునో చెప్పును.

ఉదాహరణకు మాత్రమే కొన్ని అంకెలు తీసుకొందము. కన్సోలు 50,000 రూపాయలు. ఆటలకు చాలు కంప్యూటరు 80,000 రూపాయలు. చందా ఏడాదికి 4,000. ఏటికి 4 ఆటలు, ఒక్కొక్కదానిమీద 500 రూపాయల మిగులు. విద్యుత్తు 1,000 అధికము. భేదము 30,000. ఆదా 4,000 + 2,000 - 1,000, అనగా 5,000. ఆరేండ్లకు రెండును సమానము. ఆ లోపల కార్డు మార్చవలసివచ్చినచో కన్సోలే చవక.

రెండవ ఇంటిలో పిల్లలు ఒంటరిగా ఆడుదురు, చందా లేదు, ఏటికి కొనునవి 2 ఆటలు. ఆదా 1,000 - 1,000, అనగా సున్న. ఎన్నటికిని సమానము కాదు. ఆ ఇంటికి కన్సోలు నిస్సందేహముగా చవక. మూడవ ఇంటిలో చదువుకొరకు 35,000 రూపాయల మామూలు కంప్యూటరును ఎట్లైనను కొనవలసియున్నది. కన్సోలును దానిని కలిపినచో 85,000. రెండు పనులను చేయు కంప్యూటరు 80,000. ఇక్కడ మొదటి దినముననే లెక్క తిరుగబడినది. ఒకే ప్రశ్నకు మూడు ఇండ్లలో మూడు సమాధానములు వచ్చినవి, మూడును సరియైనవే. కనుక ఇంటి అవసరములను అడుగకుండ ఏది చవక యని చెప్పు పట్టిక ఏదియు నమ్మదగినది కాదు.

కన్సోలు కొనదలచినవారు కొంతకాలము ఆగినచో వెల తగ్గునని పూర్వము చెప్పెడివారు. ఆ మాట ఒకప్పుడు నిజము. ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000 లో 299 డాలర్లు. 2009 నాటికి 99 డాలర్లు. కాని 2020 లో 499 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 5 వెల 2025 ఆగస్టులో అక్కడనే 549.99 డాలర్లాయెను. పాత అనుభవమును సూత్రముగా చేసికొని వేచియుండుట ఇప్పుడు క్షేమము కాదు.

వెలలో కనబడని అంశము

ఇంతవరకు రెండు యంత్రములును ఆట ఒక్కటే ఆడుననుకొని లెక్కించితిమి. మొదట చెప్పిన మూడవ భేదమును, అనగా యంత్రముమీద అధికారము ఎవరిదను ప్రశ్నను ఇప్పుడు చూడవలెను. దీనిని తేటగా చూపు కథ ప్లేస్టేషన్ 3 దే.

ఆ యంత్రములో మొదట అదర్ ఓఎస్ అను సదుపాయముండెను. దానితో లినక్సు వంటి కార్యక్రమవ్యవస్థను నింపి, కన్సోలును మామూలు కంప్యూటరువలె వాడవచ్చును. అందలి సెల్ అను ప్రాసెసరు శాస్త్రగణనలకు చాల అనువైనది. నష్టమునకు అమ్ముచుండుటచే అంత శక్తి అంత చవకగా మరియొకచోట దొరకలేదు. 2007 లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయపు డార్ట్‌మత్ ప్రాంగణములో గౌరవ్ ఖన్నా అను భౌతికశాస్త్రవేత్త 8 ప్లేస్టేషన్ 3 యంత్రములను జోడించి కృష్ణబిలములకు సంబంధించిన లెక్కలు చేయించెను. 2010 లో అమెరికా వైమానికదళ పరిశోధనశాల న్యూయార్క్ రాష్ట్రములోని రోమ్ అను ఊరిలో 1,760 ప్లేస్టేషన్ 3 యంత్రములతోను, 168 గ్రాఫిక్స్ ప్రాసెసర్లతోను కాండోర్ అను మహాగణనయంత్రమును నెలకొల్పెను. దాని శక్తి సుమారు 500 టెరాఫ్లాపులు. ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు. మామూలు పద్ధతిలో అంత శక్తికి దీనికి ఎన్నో రెట్లు కావలసియుండెను.

విజ్ఞానమునకు ఇది పండుగవలె కనబడును. కాని కంపెనీ లెక్కపుస్తకము వైపునుండి చూడుడు. కృష్ణబిలములను గణించువాడు ఆటలు కొనడు. యంత్రముమీది నష్టమును తీర్చు వాయిదాలు వాని వద్దనుండి రావు. 2009 సెప్టెంబరులో వచ్చిన సన్నని నమూనాలో ఈ సదుపాయము లేదు. 2010 ఏప్రిల్ 1వ తేదీన సోనీ పంపిన 3.21 అను సవరణ, అంతకుముందు అమ్మిన యంత్రములనుండి కూడ దానిని తొలగించెను. కంపెనీ చెప్పిన కారణము భద్రత. సవరణను ఒప్పుకొన్నవారు లినక్సును కోల్పోయిరి. ఒప్పుకొననివారు ఇంటర్నెట్టు ద్వారా ఆడు అవకాశమును కోల్పోయిరి. వెల చెల్లించి కొన్న రెండు గుణములలో ఒకదానిని వదులుకొనవలసివచ్చెను. అమెరికాలో కొన్నవారు వేసిన దావా ఏండ్లకొలది సాగి, 2018 లో 37.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసెను.

ఇది ఒక కంపెనీ దుర్మార్గమని చెప్పుటకు కాదు. యంత్రమును తక్కువకు అమ్మి, ఆటలమీద రాబట్టుకొను పద్ధతిలోనే ఇది ఇమిడియున్నది. వెల ఎంత తగ్గింపబడినదో, కొన్నవాని స్వాతంత్ర్యమును అంత కట్టుదిట్టము చేయవలసియుండును. చవకదనమును, మూతపడిన తలుపును వేరుచేయలేము. కంప్యూటరులోను బంధములు లేకపోలేదు. 2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలను నిలిపెను. పనిచేయుచున్న పాత యంత్రములు అనేకము విండోస్ 11 కు తగవని తేలెను. అయినను ఆ యంత్రములలో లినక్సును నింపుకొని వాడుటను ఆపువారెవరును లేరు. కన్సోలులో ఆ దారి లేదు.

ఇక విద్యార్థి సంగతి. ఒక యంత్రముమీద పిల్లవాడు ఆట ఆడుట మాత్రమే కాక, ఆట ఎట్లు నడచుచున్నదో తెలిసికొనవలెనన్న కోరిక కలిగినప్పుడు ఏమగును? కంప్యూటరులో నాలుగు పంక్తుల కార్యక్రమము వ్రాసి ఒక బంతిని తెరమీద కదిలింపగలడు. తెలుగులో వ్యాసము వ్రాసికొనగలడు, ప్రయోగశాల కొలతలకు గీతపటము గీయగలడు, మెమరీ చాలనప్పుడు పెట్టె తెరచి మరియొక పలకను అమర్చగలడు. సెకనుకు 30 బొమ్మలే వచ్చు సామాన్యమైన కంప్యూటరైనను ఈ పనులకు చాలును. 60 బొమ్మలు నిలకడగా చూపు కన్సోలు ఈ పనులలో ఒక్కదానికి తగినది కాదు.

కాబట్టి నా అభిప్రాయమిది. ఇంటిలో చదువునకు తగిన కంప్యూటరు ఇదివరకే యుండి, కేవలము వినోదమునకై మరియొక యంత్రమును కొనగలవారికి కన్సోలు మంచి వస్తువు. తక్కువ చిక్కులతో నిలకడయైన బొమ్మ నిచ్చును. ఇంటికి ఒకే యంత్రము కొనగలవారు మాత్రము ఆటలలో బొమ్మ కొంత తగ్గినను కంప్యూటరునే కొనవలెను. ఉపాధ్యాయులు ఈ తీర్పును విద్యార్థులకు ఊరక చెప్పుటకంటె ఏదైన ఒక ప్రకటనను తరగతికి తెచ్చి, అందలి వెలలో ఏవి చేరినవి, ఏవి చేరలేదు, చూపిన శక్తిని ఎట్లు కొలిచిరి, కొన్న తరువాత ఆ యంత్రముమీద అధికారము ఎవరికుండును అను మూడు ప్రశ్నలకు జవాబులు వారిచేతనే వ్రాయించుట మేలు. ఆ కాగితమును వారు ఇంటికి తీసికొనిపోయి తల్లిదండ్రులకు చూపవచ్చును.